బాబాయి ట్యాంకు, నా తుప్పు

"ఇన్ని డబ్బులు పోసి కొని, నెల్లాళ్ళు కూర్చుని బుల్లి బుల్లి ముక్కలు అతికించి, బుద్ధిగా రంగులేసి, చివరికి దానిమీద మురికి పూస్తారా?"

మా ఆవిడ ఈ ప్రశ్న మొదటిసారి అడిగి పన్నెండేళ్ళు దాటింది. ఇప్పటికీ నా దగ్గర సరైన సమాధానం లేదు. ఆఫీసులో ఎవరైనా వీకెండ్ ఏం చేశావని అడిగినప్పుడు "ఒక ట్యాంకుకి బురద పూశాను" అని ఉన్నమాట చెప్పి చూశాను. వాళ్ళు తర్వాతి సోమవారం నుంచి అడగడం మానేశారు. అంచేత ఇప్పుడు "సినిమాకెళ్ళాం" అని చెప్పేస్తున్నాను. కానీ ఈ మురికి వ్యవహారం వల్ల ఒకసారి మా బాబాయి దగ్గర తలదించుకోవాల్సి వచ్చింది. అది చెప్పాలంటే ముందు అసలీ పిచ్చి ఏమిటో కాస్త చెప్పాలి. ఓపిక పట్టండి.

నాది స్కేల్ మోడళ్ళ పిచ్చి. ప్లాస్టిక్ కిట్టు డబ్బాలో వస్తుంది. ముక్కలన్నీ ఒక చట్రానికి అంటుకుని ఉంటాయి. వాటిని కత్తిరించి, అంచులు గీకి, జిగురుతో అతికించి, రంగులేయాలి. ట్యాంకులకి ఎక్కువగా వాడే స్కేలు 1/35. అంటే అసలు దానిలో 35వ వంతు. విమానాలకి 1/72, 1/48. ఈ 35 అనే బేసి అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? 1960ల మొదట్లో జపాన్‌లో తమియా వాళ్ళు మోటారు పెట్టిన పాంథర్ ట్యాంకు బొమ్మ చేస్తూ, లోపల బ్యాటరీలు పట్టే కొలత ఏదో చూసుకుని చేశారట. తర్వాత లెక్కేస్తే అది దాదాపు 1/35 అయింది. అదే ప్రపంచమంతటికీ ప్రమాణమై కూర్చుంది. ఎవడో తన తిప్పలకి వేసుకున్న టెంపరరీ ఫిక్సు ముప్ఫై ఏళ్ళు ప్రొడక్షన్లో నడవడం మనకేం కొత్త కాదు కదా!

కిట్టు అతికించడం సగం పని కూడా కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఏకరంగులో నిగనిగలాడే ట్యాంకు అచ్చం బొమ్మలాగే ఉంటుంది. దాన్ని వాడిన ట్యాంకులా కనిపించేలా చేయడాన్ని వెదరింగ్ అంటారు. ఎండకి వెలిసిన రంగు, వానకి కారిన చారలు, దుమ్ము, మసి, నూనె మరకలు, పెచ్చులూడిన పెయింటు, ఇవన్నీ కుంచెతో తెప్పించాలి. దీనికి తెలుగు మాట కనిపెడదామని చాలా కుస్తీ పట్టాను. 'పాతబెట్టడం' అందామంటే గొయ్యి తవ్వి పూడ్చినట్టుంది. ప్రస్తుతానికి వెదరింగే అనుకుందాం.

ఇందులో మొదట నేర్చుకోవాల్సింది లెక్క. 1/35లో ఒక మిల్లీమీటరు మచ్చ అసలు ట్యాంకు మీద మూడున్నర సెంటీమీటర్లు. అదే మచ్చ 1/72 విమానం మీద ఏడు సెంటీమీటర్లు దాటుతుంది. కంటికి బావుందని చుక్క పెడతాం, అది అసలు విమానం మీదైతే అరచేయంత గుంట. నేను మొదట్లో అపార్ట్‌మెంటు కింద మట్టి తెచ్చి, జల్లెడ పట్టి, ట్యాంకు మీద చల్లాను. అర మిల్లీమీటరు ఇసుక రేణువు 35 రెట్లు అయితే పదిహేడు మిల్లీమీటర్లు పైనే. దుమ్ము పట్టిన ట్యాంకు కాస్తా కంకర లారీ కింద పడ్డ ట్యాంకులా తయారైంది. అందుకే పిగ్మెంట్లని మెత్తటి పొడులు వాడతారు. అవి దొరక్కపోతే సాఫ్ట్ పేస్టల్ సుద్దల్ని బ్లేడుతో గీకి ఆ పొడి వాడుకోవచ్చు.

రెండోది పొరలు. ముందు ప్రైమరు, దానిమీద ఎయిర్‌బ్రష్‌తో పల్చగా అసలు రంగు, ఆపైన మెరిసే వార్నిషు. మెరుపెందుకంటే, గరుకు ఉపరితలం మీద డెకాల్ అతికిస్తే కింద గాలి చిక్కుకుని వెండిపొరలా తెల్లగా కనిపిస్తుంది. వాష్ అంటే టర్పెంటైన్‌లో బాగా పల్చన చేసిన ముదురు రంగు. అది కూడా నున్నటి తలం మీదే గీతల వెంట చక్కగా పాకుతుంది. ఆయిల్ ట్యూబు రంగుల్ని ముందు అట్టముక్క మీద పిండి అరగంట వదిలేస్తే అట్ట నూనె పీల్చుకుంటుంది, రంగు తొందరగా ఆరుతుంది. పెచ్చులూడినట్టు రావాలంటే కింద తుప్పురంగు వేసి, దానిమీద హెయిర్ స్ప్రే కొట్టి, పైన పచ్చరంగు వేసి, ఆరాక నీళ్ళు తడిపి గట్టి కుంచెతో రుద్దాలి. హెయిర్ స్ప్రే నీళ్ళకి కరుగుతుంది, పై రంగు అక్కడక్కడా పెచ్చులుగా లేచి కింద తుప్పు బయటపడుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించిందంటే నమ్మండి. మా ఆవిడ మాత్రం హెయిర్ స్ప్రే డబ్బా ఏమైందని రెండ్రోజులు వెతికింది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, కారణం. మరక అంటే ఉత్త మరక కాదు, అక్కడేదో జరిగిందని సాక్ష్యం. మన భాషలో చెప్పాలంటే లాగ్ ఫైలు. విమానం సంగతే చూడండి. నేలమీద నిలబడి ఉన్నప్పుడు కారిన నూనె నిట్టనిలువుగా కిందకి దిగుతుంది. గాల్లో ఉండగా కారింది వెనక్కి పాకుతుంది. రెండు మరకలూ ఒకే వైపుకి గీస్తే ఆ విమానం ఎప్పుడూ ఎగరనైనా లేదు, లేదా ఎప్పుడూ దిగనైనా లేదు. విమానం ఒంటిమీద రేకు అల్యూమినియం మిశ్రమం. రంగు లేస్తే వెండిలా మెరుస్తుంది, ఎర్రగా తుప్పు పట్టదు. అయినా తుప్పు కారుతున్న రెక్కల్ని నేను బోలెడు చూశాను. నా మొదటి మిగ్-21కి స్వయంగా పెట్టాను కూడా.

మిగ్-21 అన్నాను కాబట్టి ఓ మాట. 1963లో మన వైమానికదళంలో చేరిన ఈ విమానం 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. 62 ఏళ్ళు. 1/72లో దాని రెక్కల వెడల్పు పది సెంటీమీటర్లు కూడా రాదు, అరచేతిలో పడుతుంది. ఒక్క విమానమే అయినా దాని ఒంటిమీద ఎన్ని కాలాలో! మొదట్లో వెండిరంగులో ఉండేది. 1971 యుద్ధం వచ్చేసరికి కొన్ని మిగ్-21 ఎఫ్ఎల్ విమానాలకి ఆఘమేఘాల మీద పచ్చా మట్టీ రంగులేశారు. చివరి బైసన్‌లు బూడిదరంగులో ఉండేవి. వెనక ఇంజను గొట్టం చుట్టూ ఉన్న లోహం వేడికి కమిలి గోధుమరంగు, నీలం కలిసిన ఛాయలోకి తిరుగుతుంది. ఏ రంగులో ఉన్నా అక్కడ మాత్రం అదే కథ. ఎందుకంటే వేడి ఎప్పుడూ ఉండేదే కదా.

ఇదంతా బానే చెబుతున్నాను కానీ, చేసేటప్పుడు ఈ బుద్ధి ఉండదు. ఎందుకుండదో ఇప్పుడు తెలుస్తోంది. మనం ట్యాంకుల్ని చూసి నేర్చుకోలేదు. వేరేవాళ్ళు చేసిన ట్యాంకు బొమ్మల్ని చూసి నేర్చుకున్నాం.

ఈ విద్యకీ ఫ్యాషన్లున్నాయి. 1970ల్లో అమెరికాలో షెపర్డ్ పెయిన్ అనే ఆయన మోనోగ్రామ్ కిట్లతోపాటు వచ్చే కరపత్రాల్లో చిన్న చిన్న యుద్ధ దృశ్యాలు చేసి చూపించాడు. ఒక తరం ఆ కాగితాలు పట్టుకునే నేర్చుకుంది. తర్వాత బెల్జియంకి చెందిన ఫ్రాంస్వా వెర్లిండెన్ వాష్‌నీ, డ్రైబ్రష్‌నీ ఊరూరా పాకించాడు. డ్రైబ్రష్ అంటే కుంచెలో రంగు దాదాపు తుడిచేసి, మిగిలిన ఆ కాస్తతో అంచుల మీద రుద్దడం. 2000ల్లో స్పెయిన్ వాళ్ళు వచ్చారు. మిగ్ హిమెనెస్ పేరు ఈ పిచ్చి ఉన్నవాళ్ళెవరిని అడిగినా చెబుతారు. ఒకే రంగుని పైన లేతగా, కింద ముదురుగా వేసి వెలుగునీడలు కూడా కుంచెతోనే తెప్పించడం, తుప్పునీ నూనెనీ సీసాల్లో పెట్టి అమ్మడం ఆ కాలం సంగతులు. ఇప్పుడు 'తుప్పు చారలు' అని సీసా మీద రాసే ఉంటుంది. మూత తీసి పూయడమే. సీసా కొన్నాక ఊరుకోలేం కదా, ట్యాంకుకి అవసరమున్నా లేకపోయినా పూస్తాం. ఆ ఫొటో చూసి ఇంకొకడు ఇంకొంచెం ఎక్కువ పూస్తాడు. ఎవడో రాసిన కోడ్ కాపీ కొట్టి, దాన్ని ఇంకొకడు కాపీ కొట్టి, చివరికి ఆ లైను ఎందుకుందో ఎవరికీ తెలియని స్థితికొచ్చిన ప్రాజెక్టుల్లో మనందరం పనిచేసినవాళ్ళమే.

సరే, ఇప్పుడు బాబాయి దగ్గరికొస్తాను.

మా బాబాయి ట్యాంకు డ్రైవరు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. పంతొమ్మిదేళ్ళప్పుడు, 1973లో పటాలంలో చేరాడు. ఇరవై ఏళ్ళ పైన చేసి దఫేదారుగా పెన్షనుతో వచ్చేశాడు. అందులో చాలా ఏళ్ళు టి-55 నడిపాడు. మా చిన్నప్పుడు సెలవుల్లో వచ్చేటప్పుడు నల్లటి ఇనప్పెట్టె, దాంట్లో మిలటరీ దుప్పట్లు, పిల్లలకి క్యాంటీన్ బిస్కట్లు తెచ్చేవాడు. ట్యాంకు గురించి అడిగితే "ఏముందిరా, పెద్ద ట్రాక్టరు" అనేసి ఊరుకునేవాడు. అంతకుమించి మాకెవరికీ ఏమీ తెలీదు.

2024లో ఆయనకి డెబ్భై నిండాయి. భీమరథ శాంతి చేస్తున్నామని తమ్ముడు ఫోను చేశాడు. నాకో గొప్ప ఆలోచన తట్టింది. పట్టుబట్టలు ఎవరైనా పెడతారు, నేను బాబాయికి ఆయన ట్యాంకే ఇస్తాను! 1/35లో టి-55 కిట్టు తెప్పించాను. అసలు ట్యాంకు 36 టన్నులు, నలుగురు సిబ్బంది, 580 హార్స్‌పవర్ల డీజిలు ఇంజను. తుపాకీ ముందుకి పెడితే తొమ్మిది మీటర్ల పొడవు. నా బొమ్మ ఇరవయ్యారు సెంటీమీటర్లు. మూడు నెలలు, రాత్రి పదకొండు దాటాక, అమెరికా వాళ్ళతో కాల్స్ అయ్యాక కూర్చుని చేశాను. నాకొచ్చిన విద్యంతా దానిమీద చూపించాను. హెయిర్ స్ప్రే పెచ్చులు, టరెట్ అంచుల నుంచి తుప్పు చారలు, గొలుసు పట్టాలు మొత్తం ఎర్రటి తుప్పు, చక్రాల మధ్య నుంచి నూనె, మడ్‌గార్డుల మీద బురద. మా మోడళ్ళ మిత్రులు చూసి వార్నీ అన్నారు. ఒకాయనైతే ఇన్నాళ్ళూ నువ్వు చేసినవి ఒకెత్తు, ఇది ఒకెత్తు అన్నాడు. గాజుపెట్టెలో పెట్టి, కారులో సీటుబెల్టు కట్టి ఊరు తీసుకెళ్ళాను.

శాంతి అయ్యాక, భోజనాలయ్యాక, అందరి ముందూ పెట్టె ఇచ్చాను. బాబాయి కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. మా వాళ్ళందరూ ఫోన్లు పట్టుకుని ఆయన కళ్ళు చెమర్చడం వీడియో తీద్దామని నిలబడ్డారు.

"ఎవరిదిరా ఈ బండి?" అన్నాడు.

"మీదే బాబాయ్. టి-55."

"నా బండి ఇట్టా ఉండదే."

అంతే. పెట్టె మూసి పక్కన పెట్టాడు. ఎవరో నవ్వారు. "ఏదో పిల్లాడు సరదాపడి చేశాడు, బావుందనొచ్చుగా" అని పిన్ని సర్దిచెప్పబోయింది. పిల్లాడి వయసు నలభయ్యారు. నాకు మనసులో కలుక్కుమంది. మూడు నెలల నిద్ర ఖర్చుపెట్టానండీ! ఆ మధ్యాహ్నమంతా పెరట్లో వేపచెట్టు కింద మంచం మీద మొహం వేలాడేసుకుని పడుకున్నాను.

సాయంత్రం బాబాయే పెట్టె పట్టుకుని వచ్చాడు. మంచం మీద కూర్చుని, ట్యాంకు బయటికి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది ఎక్కడుందనుకుని చేశావ్?"

"రాజస్థాన్లో బాబాయ్. బ్రాస్‌టాక్స్ అప్పుడు మీరు అక్కడే ఉన్నారుగా." 1986 చివర్లో మొదలై 87లోకి సాగిన ఆ పెద్ద విన్యాసాలకి ఆయన వెళ్ళాడని నాన్న చెప్పగా విన్నాను.

"ఎడారిలో ఇంత తుప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందిరా? నీళ్ళేవీ? ఈ బురదేంది? తాగడానికే కొలిచి పోసేవాళ్ళు."

నా దగ్గర జవాబు లేదు. అప్పుడు మొదలుపెట్టి చీకటిపడేదాకా చెప్పాడు. ఒక్కో ముక్కా వేలితో చూపిస్తూ చెప్పాడు.

నడిచే ట్యాంకు గొలుసుకి నేలని తాకే వైపు తుప్పుండదట, ఇసుకలో రుద్దుకుని రుద్దుకుని పలుగు మొనలా తెల్లగా మెరుస్తుందట. వెనక పళ్ళచక్రం పళ్ళూ అంతే. తుప్పు పట్టిందంటే ఆ బండి నెలలుగా కదలనట్టు. ఎడమ మడ్‌గార్డు మీద పొగగొట్టం ఉంటుంది, దాని వెనకంతా నల్లటి మసి, ఎంత తుడిచినా పోదు. నేను అక్కడ పెట్టిన మసి చాల్లేదు. కుడి మడ్‌గార్డు మీద డీజిలు ట్యాంకుల మూతల చుట్టూ ఒలికిన నూనెకి దుమ్ము అంటుకుని ముద్దలా తయారవుతుంది, నేను అక్కడ ఏమీ పెట్టలేదు. రంగు కూడా ఒట్టి పచ్చ కాదు, పచ్చమీద ఇసుక రంగు పట్టీలు. ఇక తుపాకీ. "మాకు తర్వాత 105 గన్ను వేశారు. ఈ బుడిపె ఇట్టా చివర కాదు, మధ్యలో ఉండేది." అది నిజమే. కిట్టులో ఇచ్చింది రష్యా వాళ్ళ 100 మిల్లీమీటర్ల తుపాకీ, దాని పొగ లాగే బుడిపె గొట్టం చివరే ఉంటుంది. మనవాళ్ళు తర్వాత చాలా టి-55లకి 105 బిగించారు. ఈ విషయం నేను చదివి ఉండి కూడా, డబ్బాలో ఏముంటే అదే బిగించేశాను.

ఇంతవరకూ ఫరవాలేదు, ఇవి తెలియని తప్పులు. తర్వాత అన్నమాటే నాకు తగిలింది.

"నువ్వు దీనికి పట్టిన మురికంతా పెట్టావ్. మేం తుడిచింది ఎక్కడ పెట్టావ్?"

పొద్దున్న లేవగానే మెయింటెనెన్సు. ఎక్కడెక్కడో తిరిగి రాత్రి వచ్చాక మళ్ళీ మెయింటెనెన్సు. గొలుసు పిన్నులు ఒక్కోటీ సుత్తితో తట్టి చూడాలి. ఫిల్టర్లలో ఇసుక తియ్యాలి, తియ్యకపోతే ఇంజను చస్తుంది. అన్నం ఆలస్యమైనా పర్లేదు, ఫిల్టరు ఆలస్యం కాకూడదు. పెయింటు లేచి ఇనుము కనబడితే సాయంత్రానికల్లా దానిమీద రంగో, గ్రీజో పడాలి. "ఇంత తుప్పుతో బండి నిలబెడితే మా సాబు నన్ను దాని చుట్టూ పరిగెత్తించేవాడు. నన్ను బద్ధకస్తుణ్ణి చేశావు కదరా అబ్బాయ్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, పొద్దున పెట్టె ఎందుకు మూసేశాడో నాకప్పుడు అర్థమైంది. అందరి ముందూ నేనాయనకి ఇచ్చింది బహుమతి కాదు, ఇరవయ్యేళ్ళు పని సరిగ్గా చెయ్యలేదన్న సర్టిఫికెట్టు.

ఆలోచిస్తే మన మోడళ్ళవాళ్ళందరిదీ ఇదే పొరపాటు. ఎండ ఏం చేస్తుంది, వాన ఏం చేస్తుంది, దుమ్ము ఎక్కడ పేరుకుంటుంది అని పుస్తకాలు పుస్తకాలు చదువుతాం. కానీ పనిలో ఉన్న యంత్రం మీద ఎండా వానా ఒక్కటే పనిచెయ్యవు. ఇంకోవైపు నుంచి మనుషులు రోజూ పనిచేస్తుంటారు. మనకి కనబడే రూపం ఆ రెంటికీ మధ్య రాజీ. మరక పెట్టేముందు ఇదెక్కణ్ణుంచి వచ్చింది, ఎటు పాకింది అని అడుగుతాం సరే, దీన్ని ఎవరు తుడిచి ఉంటారు, ఎందుకు తుడవలేకపోయారు అని కూడా అడగాలి. ఈ మూడో ప్రశ్న ఏ సీసా మీదా రాసి ఉండదు. తుడవలేని మసి ఉంటుంది, తుడిస్తే పోయే తుప్పు ఉండదు.

నా ఉద్యోగంలో మొదటి నాలుగేళ్ళు నేను ప్రొడక్షన్ సపోర్టులో చేశాను. రాత్రి రెండింటికి పేజరు మోగితే లేచి, నిండిపోయిన డిస్కు ఖాళీచేసి, ఆగిపోయిన జాబు మళ్ళీ నడిపి, పొద్దున అందరూ లాగిన్ అయ్యేసరికి ఏమీ జరగనట్టు ఉంచేవాళ్ళం. ఏడాది చివర్లో అప్రైజలప్పుడు "సిస్టమ్ స్టేబుల్‌గానే ఉంది కదా, మీ టీమ్ ఏం చేసింది?" అని ఒక పెద్దమనిషి అడిగాడు. ఆరోజు నాకెంత మండిందో ఇప్పటికీ గుర్తుంది. అలాంటిది నేనే వెళ్ళి మా బాబాయిని అదే ప్రశ్న, తుప్పు చారలతో అడిగి వచ్చాను.

ట్యాంకు వెనక్కి తెచ్చేసుకున్నాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో పడేసి, పాత టూత్‌బ్రష్‌తో మూడు నెలల కళాఖండాన్ని ఒక ఆదివారం పూట గీకిపారేశాను. మా ఆవిడ వచ్చి చూసి, "మొదటిసారి మీరు కడగడం చూస్తున్నాను" అంది. 105 తుపాకీ గొట్టం విడిగా తెప్పించి బిగించాను. పచ్చమీద ఇసుక పట్టీలు వేశాను. బాబాయికి రోజు విడిచి రోజు ఫోన్లు. పట్టీ అంచు గీసినట్టుండేదా, కలిసిపోయినట్టుండేదా? ముందు దీపాల మీద గుడ్డ కట్టేవారా? ఆయనకి ఒక చెవి సరిగ్గా వినబడదు, అది కూడా ఆ ఇంజను పుణ్యమే. అంచేత నేను అరిచి అడిగేవాణ్ణి, ఆయన అరిచి చెప్పేవాడు. అటుపక్క అపార్ట్‌మెంటు వాళ్ళు మా ఇంట్లో ఆస్తి తగాదా అనుకుని ఉంటారు. అంతవరకూ పండక్కి మా ఇద్దరి మధ్యా "బాగున్నావా", "బాగున్నాను బాబాయ్" తప్ప మాటలుండేవి కావు. ఆ రెండు నెలల్లో మాట్లాడినంత ఆ నలభయ్యేళ్ళలో మాట్లాడలేదు.

ఈసారి హెయిర్ స్ప్రే వాడలేదు. పెచ్చులు అక్కడక్కడా చిన్నవి, అవీ కొత్త రంగు తాకించినట్టు కాస్త ముదురు పచ్చతో. గొలుసు కింది వైపు మెత్తటి పెన్సిలు ముక్కు అరగదీసి వెండిలా మెరిపించాను. పొగగొట్టం వెనక మసి, మూతల చుట్టూ డీజిలు ముద్ద. మిగతా అంతటా దుమ్ము మాత్రమే. లేత ఇసుకరంగు పిగ్మెంటు, పైన పల్చగా, చక్రాల దగ్గర చిక్కగా. తుప్పు సీసా మూతే తియ్యలేదు. ఇంకొక్క పని చేశాను. డ్రైవరు కూర్చునేది ముందు ఎడమపక్క. ఆయన చెప్పాడు, ముందున్న కొక్కెం మీద ఒక కాలు, మడ్‌గార్డు మీద ఇంకో కాలు, చేత్తో మూత అంచు పట్టుకుని పైకి లేచేవాణ్ణని. రోజుకి ఎన్నిసార్లో, ఎన్నేళ్ళో. ఆ మూడు చోట్లా పచ్చరంగు అరిగి ఇనుము నున్నగా కనబడేలా, దుమ్ము లేకుండా ఉంచాను. మొత్తం కలిపితే వేలిగోరంత. ఎవరికీ కనబడదు.

దసరాకి తీసుకెళ్ళాను. ఈసారి ఎవరినీ పిలవలేదు. బాబాయి వరండాలో కూర్చుని పెట్టె తెరిచాడు. ఏమీ అనలేదు. చూపుడువేలు, మధ్యవేలు కాళ్ళలా చేసి, కొక్కెం మీద ఒకటి, మడ్‌గార్డు మీద ఒకటి పెట్టి, మూత దాకా ఎక్కించాడు. మళ్ళీ దించాడు. "పిన్నికి చూపించి వస్తానుండు" అని లోపలికెళ్ళాడు. మళ్ళీ గంటదాకా రాలేదు. లోపల్నుంచి ఆయన గొంతు మాత్రం వినబడుతూనే ఉంది.

తర్వాత సంక్రాంతికి వెళ్ళినప్పుడు ట్యాంకు టీవీ పక్కన ఉంది. గాజుపెట్టె విడిగా మూలన ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే మడ్‌గార్డుల మీదా, టరెట్ మీదా నేను పొరలు పొరలుగా పట్టించిన రాజస్థాన్ దుమ్ము సగానికి సగం లేదు. ఏమైందని పిన్నిని అడిగాను.

"రోజూ పొద్దున లేవగానే మెత్తగుడ్డ పెట్టి తుడుస్తున్నాడయ్యా మీ బాబాయి. దుమ్ము పడుతోందంట."

నేనేమీ అనలేదు. పిగ్మెంట్ మీద ఫిక్సర్ ఇంకొంచెం గట్టిగా కొట్టి ఉండాల్సింది, అంతే.